నాగలి నాపుటకు ముందు గడ్డిని నిలుపవలెను

రెండవ పంట వరి కోతలు ముగియు వేసవి దినములలో, గోదావరి డెల్టా మొదలు కృష్ణా ఆయకట్టు మీదుగా నల్లగొండ, కరీంనగరము మాగాణుల వరకు, ఏటేట ఒకే క్రమము కన్పట్టుచున్నది. కోత యంత్రము చేను దాటిపోవును. దాని వెనుక గడ్డి బారులు తీరి పడును. జానెడు మొదలు మోకాలియెత్తు వరకు కొయ్యకాళ్లు నిలిచిపోవును. వానకారు నారు పోయుటకు వ్యవధి చాలదనియు, గడ్డి యెత్తించుటకు కూలి గిట్టదనియు, దమ్ములో అది చక్రములకు చుట్టుకొనుననియు తలచి రైతు దానికి నిప్పు పెట్టును. ఆ పొగను గూర్చి పత్రికలు వ్రాయుచున్నవి, అధికారులు హెచ్చరించుచున్నారు, ఢిల్లీ నగరపు శ్వాసకష్టములను ఉదాహరించి చెప్పుచున్నారు. పొగ నిజముగా కీడే. కాని ఆ మంటలో కాలిపోవుచున్నదేమి, అది నేలకు దక్కినచో తరువాతి ధాన్యపు పంటకు కలుగు మేలేమి, ఆ మేలు చేతికి వచ్చుటకు దుక్కి యెట్లుండవలెను అను ప్రశ్నలు చర్చకు వచ్చుట మిక్కిలి యరుదు.

దుక్కిని గూర్చిన వాదము ఒకచోటను, గడ్డిని గూర్చిన వాదము మరియొకచోటను విడివిడిగా నడచుటయే ఈ విషయమున మనకు పట్టిన చిక్కు. లోతు దుక్కులు దున్నినగాని పంట పండదని ఒకరు శాసించుచుండగా, నాగలిని అటకెక్కించి విత్తనము మాత్రము నాటుమని వేరొకరు బోధించుచున్నారు; గడ్డిని కాల్చవద్దనువారు దానినేమి చేయవలెనో చెప్పక విడిచిపెట్టుచున్నారు. నా దృష్టిలో ఈ రెండు పనులకును ఒక వరుస కలదు. ముందు గడ్డిని నేలమీద నిలుపవలెను, పిమ్మట దుక్కిని తగ్గింపవలెను. నేలపై కప్పు లేకుండ దుక్కి మానిన రైతు నష్టపడును. కప్పు నిలిపిన రైతు దుక్కిని క్రమముగా తగ్గించుకొనుచు ఖర్చును, తేమను, కాలమును మిగుల్చుకొనగలడు. ఈ వరుసను తలక్రిందులు చేసినచో మంచి పద్ధతికే అపకీర్తి వచ్చును.

మన పూర్వులు దుక్కిని ఊరక పూజింపలేదు. జ్యేష్ఠ పూర్ణిమనాడు ఎడ్లను కడిగి, కొమ్ములకు రంగులు పూసి, ఏరువాక సాగించిన జాతి మనది. తొలకరికి ముందు దున్నిన చేను మొదటి వానను త్రాగుననియు, దున్నని చేను దానిని వాగులోనికి త్రోయుననియు మెట్ట రైతునకు ఏ పుస్తకమును చెప్పలేదు. వేసవి దుక్కులలో తుంగగడ్డలును గరిక వేళ్లును పైకి వచ్చి ఎండకు మాడును. నేలలో దాగిన పురుగుల గూళ్లు పక్షుల పాలగును. గట్టిపడిన పైపొర పగిలి మొలకకు దారి యేర్పడును. ఇవి యన్నియు యథార్థములే. ఐనను దుక్కి మరియొక పనియు చేయును, అది కంటికి కనబడదు. 1731లో ఇంగ్లండు దేశీయుడైన జెత్రో టల్ తన గ్రంథమున, మట్టిని ఎంత మెత్తగా చేసిన మొక్క వేళ్లు దానిని అంత సులభముగా భుజించునని వాదించెను. మొక్కలు మట్టి రేణువులను తినవని తరువాతి శాస్త్రము తేల్చినదిగాని, దున్నిన చేనిలో పైరు పచ్చగా లేచుట మాత్రము అబద్ధము కాదు. అందులకు కారణము వేరు. మట్టి కణికల లోపల భద్రముగా నున్న సేంద్రియ పదార్థము దుక్కివలన గాలికి బయటపడును. సూక్ష్మజీవులు దానిని వేగముగా భక్షించి, అందలి నత్రజనిని పైరునకు విడిచిపెట్టును. అనగా ఆ పచ్చదనము నేల తన నిల్వలోనుండి తీసి యిచ్చినదే. నిల్వ యున్నంతకాలము దుక్కి లాభముగనే తోచును. అది తరిగిన పిమ్మట అదే పచ్చదనమునకై యూరియా బస్తాలు పెంచవలసివచ్చును.

నేల యనగా ఉత్త మట్టిపొడి కాదు. రేణువులును, వేళ్ల స్రావములును, శిలీంధ్రపు పోగులును, కుళ్లిన ఆకుల జిగురును కలిసి చిన్న చిన్న కణికలుగా కట్టుకొనియుండుటచేతనే అందు గాలికిని నీటికిని చోటు దొరకును. ఆ కణికలను ఇనుము చీల్చును. వాన మరింత చెదరగొట్టును. పెద్ద చినుకు సెకనుకు 8, 9 మీటర్ల వేగముతో నేలను తాకును. ఆ దెబ్బకు కణికలు విడిపోయి, సన్నని రేణువులు రంధ్రములను పూడ్చి, వాన వెలిసి ఎండ కాయగానే పైపొర పెంకు కట్టును. మొలక దానిని చీల్చుకొనలేక లోపలనే వంగిపోవును. ఆ పెంకును పగులగొట్టుటకు మరల గుంటక తోలుదురు. తోలినకొలది కణికలు నశించును. నశించినకొలది తరువాతి వానకు పెంకు మరింత గట్టిగా కట్టును. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు హెచ్చినచో సేంద్రియ పదార్థము క్షయించు వేగము ఇంచుమించు రెట్టింపగునను సూత్రమును జ్ఞప్తియందుంచుకొన్నచో, చల్లని దేశపు రైతు దుక్కివలన మెల్లగా పోగొట్టుకొనునది మనము ఎంత త్వరగా పోగొట్టుకొందుమో తెలియగలదు. భూసార పరీక్షలో సేంద్రియ కర్బనము 0.5 శాతమునకు లోబడినచో తక్కువయని గుర్తింతురు. మన ఎర్ర చెలకలలో అనేకములు ఆ గుర్తునకు దిగువనే యున్నవి.

గడ్డి పరచిన నేలలో ఈ కథ వేరుగా నడచును. చినుకు దెబ్బను గడ్డి కాచుకొనును, నీరు మెల్లగా లోనికి దిగును. ఎండ నేరుగా సోకదు గనుక తేమ తొందరగా ఆవిరి కాదు. బెట్ట వచ్చినపుడు ఆ నిలిచిన తేమయే నాలుగైదు దినములు పైరును కాపాడును, కంకి పట్టు దశయందు ఆ నాలుగైదు దినములే దిగుబడిని నిర్ణయించును. వానపాములు పైకి వచ్చి గడ్డి ముక్కలను లోనికి లాగుకొనుచు నిలువు దారులు త్రవ్వును. ఈ పనులను ఏ యంత్రమును అంత చౌకగా చేయజాలదు.

గడ్డి లేని దుక్కివలన ఏమి జరుగునో అమెరికా సంయుక్త రాష్ట్రములు కఠినముగా నేర్చుకొన్నవి. మహామైదానములలో పచ్చిక బయళ్లను దున్ని గోధుమ వేసిన మీదట 1930వ దశకమున అనావృష్టి సంభవించెను. 1935 ఏప్రిల్ 14న లేచిన ధూళి తుపాను పగటిని చీకటి చేసెను. ఆ నెలలోనే ఆ దేశపు శాసనసభ భూసంరక్షణ చట్టము చేసెను. 1943లో ఎడ్వర్డ్ ఫాక్‌నర్ నాగలిని నిందించుచు వ్రాసిన పుస్తకము గొప్ప కలకలము రేపెను. ఆతని వాదమున అతిశయోక్తులు లేకపోలేదు. ఐనను ఆతడు కోరినదేమన, పంట శేషమును లోతున పూడ్చివేయక పైపొరయందే కలిపి యుంచుమని. నాగలికి శత్రువని పేరుపడినవాని చూపు సైతము మొదటినుండియు గడ్డిమీదనే యుండెనను విషయమును ఆతని అనుయాయులలో పలువురు మరచిరి.

మన డెల్టాలకు దుక్కిలేని సేద్యము క్రొత్తది కాదు. నిలిచిన వరిలో, కోతకు రెండు మూడు దినములకు ముందు, పాదము దిగు పదునులో పశుగ్రాసమునకై జనుమును పిల్లిపెసరను చల్లుట తరతరముల నాటి మాట. మినుము, పెసర అదే దారి త్రొక్కినవి. దుక్కి లేదు, తడి లేదు. వరి కోసి పనలు తీయునప్పటికి కొయ్యకాళ్ల నడుమ మొలకలు ఆకు విప్పును. రేగడి పట్టియుంచిన తేమతోనే పంట పండును. గుంటూరు సమీపమునగల లాం పరిశోధన కేంద్రమువారి ఎల్‌బీజీ మినుము రకములలో కొన్ని ఈ మాగాణులకు తగినవిగా ప్రసిద్ధి కెక్కినవి. జపానులో మసనోబు ఫుకుఒకా వరి కోయకముందే అందు బార్లీ చల్లి, నూర్చిన గడ్డినంతను తిరిగి చేనిపై వెదజల్లెను. 1975లో ఆతడు ప్రకటించిన గ్రంథము లోకప్రసిద్ధమైనది. ఆతని పద్ధతిలో మొదటి సగము మన తెనాలి, రేపల్లె ప్రాంతముల రైతునకు కరతలామలకము. రెండవ సగము, అనగా గడ్డిని చేనికి మరల నిచ్చుట, మనవాడు చేయలేదు. చేయకపోవుటకు కారణమును ఉండెను. ఆతని కొట్టములో పశువులుండెను. పెరటి గడ్డివాము ఆతని యింటి కలిమికి గుర్తుగా నుండెను. పశువు తిన్నది పెంటయై మరల చేనికి చేరుచుండెను.

2000వ సంవత్సరము దాటిన పిమ్మట అక్కడనే మరియొక మార్పు వచ్చినది. కాలువ నీరు ఆలస్యమగుటచే వరి నాట్లు వెనుకబడి మినుమునకు అదును తప్పెను. పల్లాకు తెగులు ప్రబలెను. బంగారు తీగ పైరును అల్లుకొని పీల్చివేసెను. అపుడు గుంటూరు, కృష్ణా మండలముల రైతులు వరి కొయ్యకాళ్ల నడుమ, దున్నకుండగనే, మొక్కజొన్న విత్తిరి; కొందరు జొన్న వేసిరి. దమ్ము చేసిన రేగడి ఆరి పదునుకు వచ్చుటకు దినములు పట్టును. ఆరిన పిదప దున్నినచో బండలవంటి పెడ్డలు లేచును. వానిని చితుకగొట్టుటకు మరల మరల ట్రాక్టరు తోలవలెను. అంతలో తేమ పోవును. దున్నకుండ విత్తిన రైతు ఆ ఖర్చును ఆ కాలమును మిగిల్చి, దున్నిన చేనికి తీసిపోని దిగుబడిని పొందెను. ఇది విశ్వవిద్యాలయములనుండి దిగివచ్చిన బోధ కాదు, రైతు తన అవసరమునకు కనిపెట్టుకొన్నది, అందుచేతనే అది నిలిచినది. నేను దానిని మనసార మెచ్చుకొందును. కాని అందొక లోపము కలదు. వరిగడ్డి చేనినుండి పోవుచున్నది, మొక్కజొన్న కంకులు విరిచిన తరువాత దంట్లను కాల్చుచున్నారు, వానకారులో మరల దమ్ము చేసి కట్టిన కొద్దిపాటి కణికలను సైతము నలిపివేయుచున్నారు. ఒక పంటకు మానిన దుక్కిని తరువాతి పంట దమ్ము తుడిచివేయుచుండగా, నేలకు చేరవలసిన కర్బనము పొగయై పోవుచుండగా, ఎరువుల బలముచేతనే ఆ దిగుబడి నిలుచుచున్నది.

దుక్కి మానుటకును గడ్డి నిలుపుటకును గల ఈ లంకె ఊహామాత్రము కాదు. 2015లో నేచర్ పత్రికయందు వెలువడిన ఒక సమీక్షలో 63 దేశములలో 48 పంటలపై జరిగిన 610 పరిశోధనలను ఒకచోట చేర్చి పరిశీలించిరి. మొత్తముమీద దుక్కిలేని సేద్యమున దిగుబడి సగటున 6 శాతమునకు దగ్గరగా తగ్గినది. దుక్కి మాని, గడ్డినిగాని పంట మార్పిడినిగాని పాటింపనిచోట ఆ నష్టము ఇంచుమించు 10 శాతము వరకు పోయెను. మూడును కలిసి నడచినచోట అది 2, 3 శాతములకు దిగెను. ఇక వర్షాధారపు పొడి ప్రాంతములలో మూడును కలిసినపుడు నష్టము తొలగిపోవుటయేగాక, దున్నిన చేనికంటె దిగుబడి 7 శాతము హెచ్చెను. ఈ అంకెలను చూచి దుక్కిలేని సేద్యము వట్టిదని ఒకరు, అద్భుతమని మరియొకరు వాదించుట నేనెరుగుదును. ఆ అంకెలు చెప్పుచున్నది వేరొకటి. కప్పు లేని నేలలో దుక్కిని ఆపినచో పెంకును పగులగొట్టువారు లేరు, వాననీటిని ఆపువారు లేరు; కప్పు ఉన్నచో ఆ పనులను అదియే చేయును. మన రాయలసీమ, తెలంగాణ మెట్టలు ఈ పొడి వర్షాధార వర్గమునకే చెందినవి గనుక ఈ ఫలితము ఇతరులకంటె మనకు ముఖ్యము.

ఐతే మెట్టలో గడ్డి యెక్కడిది? చిక్కంతయు ఇక్కడనే యున్నది. హైదరాబాదు సమీపమున హయత్‌నగర్ క్షేత్రములో కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థవారు ఎర్ర నేలయందు జొన్నను ఆముదమును మార్చి మార్చి వేయుచు ఏండ్ల తరబడి ప్రయోగములు జరిపిరి. అందు తగ్గించిన దుక్కికంటె మామూలు దుక్కియే అధిక దిగుబడి నిచ్చినది. గ్లిరిసిడియా రొట్ట పరచిన మళ్లలో నేల గుణము మెరుగుపడినది. చెలక నేల స్వభావముచేతనే ఎండినపుడు గట్టిపడును. వర్షాధార జొన్న ఇచ్చు కొద్దిపాటి చొప్ప ఆ గట్టిదనమును జయింపజాలదు. అదియును పశువునకు పోయినచో మిగులునది సున్న. ఇట్టి నేలలో నాగలిని ఆపుమనుట రైతునకు ద్రోహము. ముందు కప్పును సంపాదింపవలెను: గట్లపై గ్లిరిసిడియా పెంచి కొమ్మలు నరికి పరచుట, కందివంటి పంటల ఆకురాలును నేలకు విడుచుట, ఆంధ్రప్రదేశ్ ప్రకృతి సేద్యమువారు చేయించుచున్నట్లు తొలకరికి ముందే నవధాన్యములు చల్లి నేలను పచ్చగా కప్పియుంచుట, ఇవి ఆ దారులు. పటాన్‌చెరువునందలి ఇక్రిశాట్ వారు 1976 నుండి నల్లరేగడిలో నడపుచున్న ప్రయోగము మరియొక పాఠము చెప్పును. అచట దుక్కి మానలేదు. వాలు ననుసరించి ఎత్తు మడులును నడుమ కాలువలును ఏర్పరచి, మడులను ఏటేట చెరుపక నిలిపి, రెండు పంటలకు తగిన ఎరువులిచ్చి, హెక్టారునకు సుమారు 5 టన్నుల ధాన్యము సాధింపగా, పాత పద్ధతిలో వదలిన చేను టన్నుకు కొంచెము మించి యిచ్చినది. నేల రకమును బట్టి దుక్కి మారవలెను గాని, ఒకే సలహాను శ్రీకాకుళము నుండి ఆదిలాబాదు వరకు పంచిపెట్టుట తగదు.

మాగాణిలో మాత్రము గడ్డికి కొరత లేదు. వరి ఎంత ధాన్యమిచ్చునో ఇంచుమించు అంత గడ్డియు నిచ్చును. ఒక టన్ను వరిగడ్డిలో సుమారు 400 కిలోల కర్బనము, 5 మొదలు 8 కిలోల నత్రజని, 14 మొదలు 20 కిలోల పొటాషు, 2 కిలోల భాస్వరము ఉండును. కాండమునకు బలమిచ్చు సిలికాన్ నత్రజని, పొటాషులకంటె ఎంతయో హెచ్చుగా నుండును. ఎకరమునకు రెండున్నర టన్నుల గడ్డి యనుకొన్నచో ఒక టన్ను కర్బనమును, 35 మొదలు 50 కిలోల పొటాషును రైతు చేతిలో నున్నట్లే. నిప్పు పెట్టిన ఘడియలోనే కర్బనమును నత్రజనియు దాదాపు సంపూర్ణముగా ఆకాశము పాలగును. గంధకములో కొంత భాగమును పోవును. పొటాషు బూడిదలో మిగులునుగాని, బారు ఉన్నచోట కుప్పగా మిగిలి, మొదటి వానకు కొట్టుకొనిపోవును. పొటాషు ఎరువునకై మన దేశము దాదాపు పూర్తిగా విదేశములపై ఆధారపడియున్న కాలమున దీనిని సాధారణ నష్టముగా నెంచరాదు.

గడ్డిని కలిపిన చేను పచ్చబారలేదని, నాటిన నారు పాలిపోయెనని రైతు చెప్పునపుడు ఆ మాటను కొట్టివేయరాదు. ఆతడు చెప్పునది సత్యము. వరిగడ్డిలో ఒక పాలు నత్రజనికి 60 మొదలు 80 పాళ్ల కర్బనముండును. దానిని కుళ్లించు సూక్ష్మజీవుల దేహమునందు నత్రజని యొక పాలైనచో కర్బనము పది పాళ్లకు లోపే. తమకు చాలని నత్రజనిని అవి నేలనుండి లాగుకొనును; మొదటి కొన్ని వారములు పైరు పస్తుండును; తరువాత ఆ జీవులు చచ్చి ఆ నత్రజనిని మరల నిచ్చును. నీరు నిలిచిన బురదలో పచ్చిగడ్డి కుళ్లినచో వేళ్లకు హాని చేయు ఆమ్లములు పుట్టును, మీథేను వాయువు వెలువడును. కావున నాటుటకు మూడు వారములకు తక్కువ గాకుండ ముందుగా గడ్డిని కలియదున్నవలెను. యూరియాలో కొంత భాగమును మొదటనే వేయవలెను. నాటిన తరువాత చేనిని అప్పుడప్పుడు ఆరనీయవలెను. సూపర్ ఫాస్ఫేటు చల్లి కలియదున్నుమని వ్యవసాయాధికారులు చెప్పుచున్నారు, మంచిదే. రెండు పంటల నడుమ వ్యవధి యున్నచోట జీలుగనో పిల్లిపెసరనో చల్లి గడ్డితో కూడ కలిపినచో నత్రజని కొరత మరింత తగ్గును. మొదటి సంవత్సరముననే దిగుబడి పెరుగునని ఆశపెట్టుట మాత్రము తప్పు. నేల మార్పునకు ఏండ్లు పట్టును. మొదటి రెండు మూడు పంటలలో కొంచెము తగ్గినను తగ్గవచ్చును. ఈ సత్యమును దాచి ప్రచారము చేసినవారే ఈ పద్ధతికి కీడు చేసినవారు.

ఇతర ఆక్షేపణలును కలవు. కాండము తొలుచు పురుగు వరి కొయ్యకాళ్లలో దాగును. 2018లో మన దేశమున అడుగుపెట్టిన కత్తెర పురుగు మొక్కజొన్నను తిని నేలలో గూడు కట్టును. పురుగు ఉధృతముగా నున్న యేట నేలమట్టముగా కోసి దున్నుటయే మేలు. నియమము కొరకు పంటను బలిపెట్టనక్కరలేదు. కలుపు సంగతి యింకను గంభీరమైనది. దుక్కి మానిన రైతు కలుపు మందును ఆశ్రయించుచున్నాడు, ఆ మందులలో పారాక్వాట్ వంటిది త్రాగినచో విరుగుడు లేనిది. పల్లెలలో ఆ సీసా ఎన్ని యిండ్ల దీపములార్పినదో అందరమెరుగుదుము. దుక్కిని తగ్గించుటకు ఆ విషమును ఇంటింట చేర్చుటయే మార్గమైనచో అట్టి తగ్గింపు నాకు సమ్మతము కాదు. దట్టముగా పరచిన గడ్డి కలుపును చాలవరకు అణచివేయును. కలుపు మందుపై ఆధారపడుట తగ్గవలెనన్నను గడ్డియే ముందు కావలెను.

పశువుల సంగతికి వత్తము. గడ్డినంతను చేనికే విడువుమనుట పాడి రైతు నోటికాడ కూడు తీయుటయే. కాని ఇది వరిగడ్డి కొరతతో పశువులు అల్లాడు ఊళ్లకు వర్తించు మాట. నేడు కాలుచున్నది ఆ ఊళ్ల గడ్డి కాదు. ట్రాక్టరు వచ్చి ఎడ్లు పోయిన ఆయకట్టులలో, యంత్రము కోసి విసరిన గడ్డి యెవరికిని అక్కరకు రాక కాలుచున్నది. కట్టలు కట్టు యంత్రములు వచ్చిన పిదప అందు కొంత పాడి కేంద్రములకు తరలుచున్నది. ఆ తరలింపును ప్రోత్సహింపవలసినదే. బారుగా పడిన గడ్డి పశువునకు, నిలిచిన కొయ్యకాలు నేలకు అను పంపకము చేసికొన్నను, ఇప్పుడు నేలకు దక్కుచున్నదానికంటె అది ఎంతయో మేలు.

ప్రభుత్వములు చేయదగిన పని ఇచట స్పష్టముగా నున్నది. పంట శేషమును చేనియందే నిర్వహించు యంత్రములకు సాయమిచ్చు కేంద్ర పథకము 2018లో పంజాబ్, హర్యానా, ఉత్తరప్రదేశ్, ఢిల్లీలకై మొదలైనది. రెండు పంటల వరి పండు తెలుగు మాగాణుల అవసరము వారి అవసరమునకు తీసిపోదు. కోత యంత్రము వెనుక గడ్డిని ముక్కలు చేసి సమముగా వెదజల్లు అమరికను పంజాబులో తప్పనిసరి చేసిరి. మనకు వచ్చు యంత్రములకును ఆ నియమము పెట్టినచో సగము చిక్కు తీరును, ఏలయన గడ్డి బారుగా పడుటచేతనే విత్తు యంత్రము దానిలో నడువలేకున్నది, దమ్ము చక్రము చుట్టుకొనుచున్నది. రోటవేటరునకు రాయితీ యిచ్చి మట్టిని పిండి చేయించుచున్న ప్రభుత్వమే ఆ ధనములో కొంత భాగమును కొయ్యకాళ్ల నడుమ విత్తు యంత్రములకు మరల్చవలెను. తెలంగాణమున కట్టిన 2,601 రైతు వేదికలు సభలకు మాత్రమే గాక, అట్టి యంత్రమొకటి అద్దెకు దొరకు చోటులుగను, ఆ గ్రామపు నేలలో గడ్డి నిలిపిన మడియు కాల్చిన మడియు ప్రక్కప్రక్కనే ఐదేండ్లు చూపు క్షేత్రములుగను పనికివచ్చును. రైతు తన ఊరి మడిని నమ్మినట్లు ఏ కరపత్రమును నమ్మడు.

వీటన్నిటికంటె గట్టి అడ్డంకి కౌలు పద్ధతియందున్నది. డెల్టా మాగాణులలో సేద్యము చేయువారిలో కౌలుదారులు పెక్కుమంది. ఈ యేడు గడ్డి నిలిపి, యూరియా ముందుగా వేసి, రెండు బస్తాల దిగుబడి తగ్గినను ఓర్చుకొన్న కౌలుదారునకు, నాలుగవ యేట ఆ నేల మెత్తబడి తేమ పట్టునపుడు ఆ చేను ఎవరి చేతిలో నుండునో తెలియదు. బాగుపడిన నేలకు కౌలు పెంచి అడుగుదురేమో యను భయమును ఆతనికి కలదు. అట్టివానిని పిలిచి భూసారమును గూర్చి ఉపదేశించుట న్యాయము కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టము క్రింద ఇచ్చు పత్రము 11 నెలలకే చెల్లును. దానికిని భూస్వామి సంతకము కావలెను. ఆ గడువును కనీసము మూడు నాలుగేండ్లకు పెంచి, యజమానికి తన భూమి పోదను భరోసాను ఆ పత్రమునందే వ్రాసియిచ్చి, కోతానంతరము గడ్డి యెవరిది, చేనియందు నిలుపవలసినదెంత అను విషయమును కౌలు ఒప్పందమునందు ఒక షరతుగా చేర్చవలెను. గడ్డి నిలిపిన కౌలుదారునకు మొదటి మూడు పంటలలో కలుగు తగ్గుదలకు ఎకరమునకు ఇంతయని నేరుగా ఆతని ఖాతాకే సాయము చెల్లింపవలెను. భూయజమాని ఖాతాకు పోవు సొమ్ము ఆ గడ్డిని కాపాడదు.